ఐరోపా పచ్చ పీత - సముద్రపు గడ్డి మైదానాలపై ప్రభావం

ఐరోపా పచ్చ పీత ఐరోపా ఖండపు పశ్చిమ తీరానికి, ఉత్తర ఆఫ్రికా అట్లాంటిక్ తీరానికి చెందిన ఒక చిన్న పీత. దీని శాస్త్రీయ నామం కార్సినస్ మేనాస్. గత రెండు శతాబ్దాలలో ఇది ఉత్తర అమెరికా తూర్పు, పశ్చిమ తీరాలకు, ఆస్ట్రేలియా, దక్షిణ ఆఫ్రికా, అర్జెంటీనా తీరాలకు వ్యాపించింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘానికి చెందిన నిపుణులు రూపొందించిన 100 అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో దీనికి చోటు దక్కింది. తెలుగునాట గుర్రపుడెక్క చెరువులకు, వయ్యారిభామ పొలాలకు ఎటువంటిదో, ఉత్తర అమెరికా తీరపు లోతు తక్కువ నీళ్ళకు ఈ పీత అటువంటిది.

ఈ పీత ముఖ్య ఆహారం గుల్లలు, ఆల్చిప్పలు, పురుగులు, చిన్న పీతలు. గడ్డి దాని ప్రధాన ఆహారం కాదు. అయినప్పటికీ ఇది పెద్ద సంఖ్యలో చేరిన చోట్ల ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి మైదానాలు కొద్ది సంవత్సరాలలోనే తుడిచిపెట్టుకుపోయాయి. అది ఎట్లా జరుగుతున్నది, దానిని ఆపటం ఎంతవరకు సాధ్యం అన్నవి 1990ల నుండి కెనడా, అమెరికా శాస్త్రవేత్తల పరిశోధనలో ముఖ్యాంశాలుగా ఉన్నాయి.

సముద్రపు గడ్డి

సముద్రపు గడ్డిని చాలామంది నాచుగా పొరబడతారు. ఇది నాచు కాదు, పూలు పూచి విత్తనాలు కట్టే మొక్క. దీనికి వేళ్ళు, ఆకులు, నేలలో అడ్డంగా పాకే కొమ్ము ఉంటాయి. పసుపు, అల్లం మొక్కలలో వలె ఈ కొమ్ము నుండే కొత్త పిలకలు పుట్టుకొస్తాయి. ఉత్తరార్ధగోళపు చల్లని తీరాలలో విస్తారంగా పెరిగే జాతి జోస్టెరా మరీనా. దీని ఆకులు పొడవైన రిబ్బన్ల వలె ఉంటాయి. అందువలన ఆంగ్లంలో దీనిని ఈల్‌గ్రాస్ అని పిలుస్తారు.

న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపపిల్లలు తొలి దశలో ఈ గడ్డిలోనే తలదాచుకుంటాయి. పసిఫిక్ తీరంలో హెర్రింగ్ చేపలు దీని ఆకులపై గుడ్లు పెడతాయి. సాల్మన్ పిల్లలు నది నుండి సముద్రానికి పోయే దారిలో ఇక్కడ ఆగి మేత తింటాయి. వలస బాతులకు ఇది ఆహారం. వేళ్ళు అడుగు బురదను పట్టి ఉంచుతాయి, ఆకులు అలల వేగాన్ని తగ్గిస్తాయి. బురదలో కార్బన్ కూడా నిల్వ ఉంటుంది.

ఈ గడ్డి పోతే ఏమవుతుందో 1930లలోనే ఒకసారి తెలిసివచ్చింది. అప్పుడు ఒక తెగులు ఉత్తర అట్లాంటిక్ తీరాల ఈల్‌గ్రాస్‌లో అత్యధిక భాగాన్ని నాశనం చేసింది. దానిపై ఆధారపడిన బ్రాంట్ బాతుల సంఖ్య దారుణంగా పడిపోయింది. ఈ గడ్డి ఆకులపైనే బ్రతికే ఒక చిన్న నత్త జాతి అట్లాంటిక్‌లో పూర్తిగా అంతరించింది. ఆధునిక కాలంలో ఒక సముద్రపు అకశేరుకం అంతరించినట్లు నమోదైన మొదటి ఉదంతం అదే.

పీత పరిచయం

1758లో లిన్నేయస్ ఈ పీతకు పేరు పెట్టాడు. మేనాస్ అనగా గ్రీకు పురాణాలలో ఉన్మాదంతో తిరిగే స్త్రీ. ఈ పీత దుడుకుతనం చూసినవారికి ఆ పేరు తగినదే అనిపిస్తుంది. పైపెంకు వెడల్పు సాధారణంగా 9 సెంటీమీటర్లకు మించదు. పేరులో పచ్చ ఉన్నప్పటికీ రంగును బట్టి దీనిని గుర్తించరాదు. పెంకు విడిచి చాలా కాలమైన పీతలు నారింజ, ఎరుపు రంగులకు తిరుగుతాయి. కంటికి పక్కన ఒక్కొక్క వైపున పైపెంకు అంచుకు ఐదేసి ముళ్ళు ఉండటమే సరైన గుర్తు. ఇది తెలియక స్థానిక పీతలనే పచ్చ పీతలని చంపివేయటం కద్దు. ఆ కారణంగానే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర అధికారులు అనుమానాస్పదమైన పీత కనిపిస్తే చంపవద్దని, ఫోటో తీసి తమకు తెలపమని ప్రజలను కోరుతూ వచ్చారు.

ఆడ పీత ఒక్క కాన్పులో 1,85,000 వరకు గుడ్లు పెట్టగలదు. డింభకాలు వారాల తరబడి నీటి ప్రవాహాలలో తేలుతూ దూరప్రాంతాలకు చేరుతాయి. గడ్డకట్టే స్థితికి దగ్గరగా ఉన్న చలిని, 30 డిగ్రీల సెల్సియస్ వేడిని, నదీముఖాలలోని దాదాపు మంచినీటిని సైతం పెద్ద పీతలు తట్టుకోగలవు. స్వదేశంలో వీటిని తినే చేపలు, పక్షులు ఉన్నాయి. అంతేగాక సాక్యులినా అనే పరాన్నజీవి వీటి శరీరంలో చేరి సంతానోత్పత్తి శక్తిని హరిస్తుంది. కొత్త తీరాలలో ఆ పరాన్నజీవి లేదు. దానిని తెచ్చి వదిలితే సరిపోతుంది గదా అన్న ఆలోచన కూడా వచ్చింది. కాని ప్రయోగశాలలో అది కాలిఫోర్నియా స్థానిక పీతలకు కూడా సోకి వాటిని చంపటంతో ఆ మార్గం మూసుకుపోయింది.

వ్యాప్తి

ఉత్తర అమెరికా తూర్పు తీరంలో ఈ పీతను మొదటిసారి 1817లో గుర్తించారు. చెక్క ఓడల అడుగుభాగానికి అంటుకొని, లేదా ఓడ బరువు కోసం వేసుకునే రాళ్ళ మధ్య చేరి వచ్చి ఉంటుందని భావిస్తారు. ఉత్తరంగా జరుగుతూ 1950లలో కెనడాలోని నోవా స్కోషియాకు చేరింది. అక్కడ చాలా కాలం పెద్దగా పెరగలేదు. అయితే 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో ఉత్తర ఐరోపా నుండి చలికి మరింత తట్టుకునే మరొక వంశం అదే తీరానికి వచ్చినట్లు జన్యు పరిశీలనలో తేలింది. ఆ తరువాతనే సెయింట్ లారెన్స్ సింధుశాఖలో వీటి సంఖ్య విజృంభించింది. ఒక జాతి ఒకసారి వచ్చి ఊరకున్నదని నిశ్చింతగా ఉండరాదని ఈ ఉదంతం తెలుపుతున్నది. న్యూఫౌండ్‌లాండ్‌లోని ప్లాసెన్షియా బేలో 2007లో కనిపించింది.

పశ్చిమ తీరంలో 1989-90లో శాన్‌ఫ్రాన్సిస్కో బేలో కనుగొన్నారు. చేపల ఎరకై తూర్పు తీరం నుండి తెప్పించే పురుగులను తడి నాచులో చుట్టి పంపేవారు. ఆ నాచుతో పాటు వచ్చి ఉండవచ్చునన్నది ఒక బలమైన అభిప్రాయం. 1997లో ఆరిగన్, 1998లో వాషింగ్టన్, ఆ వెంటనే బ్రిటిష్ కొలంబియా తీరాలకు చేరింది. ఎల్‌నినో ప్రభావంతో ఉత్తరానికి బలంగా వీచిన వెచ్చని ప్రవాహాలు డింభకాలను మోసుకుపోయాయి. 2022 జూలైలో అలాస్కాలోని అన్నెట్ దీవిలో మొదటిసారి కనిపించింది.

ఉష్ణమండల జలాలలో ఇది స్థిరపడలేదు. 19వ శతాబ్దంలో శ్రీలంకలోను, 20వ శతాబ్దంలో బర్మా, పాకిస్తాన్ తీరాలలోను విడివిడిగా దొరికిన దాఖలాలు ఉన్నాయి గాని అక్కడ సంతతి నిలవలేదు. పెద్ద పీత వేడిని ఓర్చుకున్నా దాని సంతానోత్పత్తికి చల్లని నీరు కావాలి. కనుక పాక్ జలసంధి, చిలికా వంటి చోట్ల గల భారతదేశపు సముద్రపు గడ్డికి ఈ పీత వలన ఇప్పటికి ప్రమాదం లేదు.

గడ్డి నశించే విధానం

పచ్చ పీత గడ్డిని నష్టపరిచేది ఎక్కువగా మేత వెదికే క్రమంలోనే. గుల్లలు, పురుగులు అడుగు బురదలో, ఈల్‌గ్రాస్ వేళ్ళ మధ్య దాగి ఉంటాయి. పీత వాటి కోసం బురదను తవ్వుతుంది. ఒక్కొక్కసారి తాను దాగటానికి కూడా గోతులు తీస్తుంది. ఆ తవ్వకంలో కొమ్ములు బయటపడతాయి, వేళ్ళు తెగుతాయి, పిలకలు నీటిలో తేలిపోతాయి. పటకారు వంటి ముందుకాళ్ళతో అడ్డు వచ్చిన ఆకులను మొదట్లోనే కత్తిరిస్తుంది. ఆకు పైభాగం తెగితే మొక్క కోలుకుంటుంది. ఎదుగుదల జరిగే మొదలు భాగం తెగితే ఆ పిలక చచ్చినట్లే. ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి చెందిన పరిశోధకులు 2011లో ప్రకటించిన ప్రయోగాలలో పిల్ల పీతలు ఈ మెత్తని మొదలు భాగాన్ని కొరుకుతున్నట్లు కూడా గమనించారు. అనగా గడ్డిని అసలు ముట్టదన్న మాట పెద్ద పీతలకు వర్తించినంతగా పిల్లలకు వర్తించదు.

న్యూహాంప్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్తలు 1990లలో ఈల్‌గ్రాస్‌ను కొత్తగా నాటే పని చేపట్టారు. నాటిన మొక్కలు కొన్ని చోట్ల వెంటనే మాయమవటంతో వారి దృష్టి పీతల మీద పడింది. తొట్లలో గడ్డి నాటి, వేర్వేరు సంఖ్యలలో పీతలను వదిలి చూశారు. ఒక్క వారంలో 39 శాతం వరకు బ్రతికి ఉన్న పిలకలు పోయాయి. ఈ ఫలితాలు 1998లో వెలువడ్డాయి.

నష్టం అక్కడితో ఆగదు. గడ్డి పలుచబడిన చోట బురద కదిలి నీరు మడ్డిగా మారుతుంది. మిగిలిన మొక్కలకు వెలుతురు చాలదు. అవి కూడా బలహీనపడి చనిపోతే మరింత బురద లేస్తుంది. ఈ చక్రం ఒకసారి మొదలైన తరువాత పీతల సంఖ్య తగ్గినంత మాత్రాన గడ్డి వెంటనే తిరిగి రాదు. తవ్వకం కొద్దిగా ఉన్నంతకాలం కొత్త పిలకలు ఆ లోటును పూడుస్తాయి. తెగిపోయే పిలకలు పుట్టే పిలకలను మించినప్పుడు మైదానం కుప్పకూలుతుంది. ఈ కారణం చేత పీత ఉన్నదా లేదా అన్న ప్రశ్న కంటే చదరపు మీటరుకు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న ముఖ్యమైనది.

క్షేత్రస్థాయి సాక్ష్యాలు

నోవా స్కోషియాలోని ఆంటిగోనిష్ రేవులో 2000, 2001 సంవత్సరాల మధ్య ఈల్‌గ్రాస్ దాదాపు 95 శాతం తగ్గిపోయింది. దానిని తిని బ్రతికే కెనడా పెద్దబాతుల రాక కూడా పడిపోయింది. పచ్చ పీతలు అక్కడ ఎక్కువవటం, గడ్డి పోవటం ఇంచుమించు ఒకే కాలంలో జరిగాయి. అయితే ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పలేము. ఈ లోటును తరువాతి పరిశోధనలు పూరించటానికి ప్రయత్నించాయి.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు కాస్కో బేలో 2012, 2013 సంవత్సరాల మధ్య ఈల్‌గ్రాస్ పెద్ద ఎత్తున నశించింది. 2012లో ఆ తీరపు నీరు అసాధారణంగా వేడెక్కి పీతలు విపరీతంగా పెరిగాయి. పరిశోధకులు అక్కడ గడ్డి నాటి, కొంత భాగానికి పీతలు చొరబడకుండా జల్లెడ కంచె వేశారు. ఒక నెల గడవక ముందే కంచె లేని చోట సుమారు నాలుగవ వంతు మొక్కలు మాత్రమే మిగిలాయి. కంచె లోపల నూటికి 80కి పైగా బ్రతికాయి. నీరు, వెలుతురు, బురద రెండు చోట్లా ఒకటే గనుక తేడాకు పీతలే కారణమని చెప్పటానికి వీలయింది.

న్యూఫౌండ్‌లాండ్‌లో 1998 నుండి 2012 వరకు జరిపిన పరిశీలనలో, పీతలు చేరిన చోట్ల ఈల్‌గ్రాస్ విస్తీర్ణం 50 నుండి 100 శాతం వరకు తగ్గినట్లు తేలింది. పీతలు ఎంత ముందుగా వచ్చి ఎంత ఎక్కువగా పెరిగితే నష్టం అంత ఎక్కువ. ఆ చోట్ల చేపలు కూడా సుమారు పదోవంతుకు పడిపోయాయి. కాడ్ చేపల వేట 1992లో నిషేధానికి గురై, ఆ దెబ్బ నుండి ఎన్నో గ్రామాలు తేరుకోని ప్రాంతమది. కాడ్ పిల్లల నర్సరీయే మాయమవుతున్నదంటే అక్కడి జాలరులకు అది ఎటువంటి వార్తో ఊహించవచ్చును.

పసిఫిక్ తీరపు పరిస్థితి వేరుగా ఉండవచ్చునని కొంతకాలం భావించారు. బ్రిటిష్ కొలంబియాలోని బార్క్‌లీ సౌండ్‌లో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెట్ హోవర్డ్, ఇసబెల్ కోటే ప్రభృతులు సముద్రంలోనే ఆవరణలు కట్టి నాలుగు వారాలు పరీక్షించారు. పీతలు అధికంగా ఉన్న ఆవరణలలో గడ్డి 73 నుండి 81 శాతం మేర అధికంగా నశించింది. 2019లో ఈ ఫలితాలు వెలువడిన తరువాత ఆ భావన నిలవలేదు.

ఇతర కారణాలు

గడ్డి క్షీణతకు పచ్చ పీత ఒక్కటే కారణం కాదు. పొలాల ఎరువులు, మురుగునీరు కలిసి నాచు పెరిగి వెలుతురును కప్పివేయటం, తెగుళ్ళు, పడవల లంగర్లు, రేవుల తవ్వకం, సముద్రం వేడెక్కటం ఇవన్నీ ఉన్నాయి. కాస్కో బేలో 2013 తరువాత గడ్డి కొంత కోలుకున్నది. కాని 2018, 2022 సర్వేల మధ్య మళ్ళీ సగానికి పైగా తగ్గింది. ఇటువంటి చోట నేరమంతా పీత మీద నెట్టివేయటం మురుగునీటి బాధ్యత గల పురపాలక సంఘాలకు సౌకర్యంగా ఉంటుందే తప్ప గడ్డికి మేలు చేయదు. వేడి నీరు గడ్డిని బలహీనపరుస్తూనే, చలికాలంలో చావవలసిన పీతపిల్లలను బ్రతికిస్తున్నది. కనుక ఈ రెండింటిని విడదీసి చూడటం కూడా కష్టమే.

నిర్మూలన, అదుపు

బోనులు పెట్టి పట్టటమే ఇప్పటికి ఆచరణలో ఉన్న ప్రధాన పద్ధతి. ఇది ఎంతవరకు పనిచేస్తుందన్న దానికి రెండు విరుద్ధ అనుభవాలు ఉన్నాయి.

మొదటిది నోవా స్కోషియాలోని కెజింకుజిక్ జాతీయ ఉద్యానపు సముద్రతీర విభాగంలోనిది. అక్కడి ఒక చిన్న నదీముఖంలో 2010 నాటికి ఈల్‌గ్రాస్ 1987లో ఉన్న విస్తీర్ణంలో 2 శాతానికి దిగజారింది. పార్క్స్ కెనడా సంస్థ 2010 నుండి 2014 వరకు దాదాపు 20 లక్షల పీతలను పట్టి తొలగించి, పాడైన చోట గడ్డిని తిరిగి నాటింది. గడ్డి 1987 నాటి విస్తీర్ణంలో సుమారు మూడవ వంతుకు పెరిగింది. పీతలు పూర్తిగా పోలేదు, వాటిని పూర్తిగా తొలగించాలన్న లక్ష్యమూ లేదు. గడ్డి తట్టుకోగల సంఖ్యకు దించి, ఆ స్థాయిలో ఉంచటమే వారు చేసిన పని.

రెండవది కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న సీడ్రిఫ్ట్ ఉప్పుకయ్యలోనిది. ఎడ్విన్ గ్రోషోల్జ్ అనే శాస్త్రవేత్త నాయకత్వాన 2009లో ఇక్కడ సంపూర్ణ నిర్మూలన లక్ష్యంగా పని మొదలయింది. సుమారు 1,25,000 ఉన్న పీతలు 2013 నాటికి 10,000కు లోపుగా తగ్గాయి. విజయం చేతికి అందినట్లే ఉన్నది. మరుసటి సంవత్సరమే పీతల సంఖ్య 3,00,000కు ఎగబాకింది. మొదలుపెట్టిన నాటి కంటే ఇది రెట్టింపు పైమాట. కారణం వెదకగా, పెద్ద పీతలు తమ జాతి పిల్లలనే పెద్ద ఎత్తున తింటాయని, పెద్దవాటిని పట్టివేయటంతో పిల్లలకు ఆ భయం తొలగిపోయిందని తెలిసింది. ఒక తల నరికితే రెండు తలలు మొలిచే గ్రీకు పురాణ సర్పం పేరుతో శాస్త్రవేత్తలు దీనిని హైడ్రా ప్రభావం అన్నారు. తెలుగు పాఠకులకు రక్తబీజుని కథ గుర్తుకు వస్తుంది. 2021లో ఈ అనుభవం వివరంగా ప్రచురితమైన తరువాత నిర్మూలన కంటే అదుపే సరియైన లక్ష్యమన్న అభిప్రాయం బలపడింది.

అయితే అదుపునకు ముగింపు తేదీ ఉండదు. ఏటేటా బోనులు, పడవలు, మనుషులు కావాలి. నాలుగైదు సంవత్సరాల నిధులతో నడిచే ప్రభుత్వ పథకాల స్వభావానికి ఇది ఇమడదు. పట్టిన పీతలను అమ్ముకోగలిగితే ఖర్చు కలిసివస్తుందన్న ఆశతో అనేక ప్రయత్నాలు జరిగాయి. దీని దగ్గరి బంధువైన మధ్యధరా పీతను పెంకు విడిచిన మెత్తని స్థితిలో పట్టి వేయించటం వెనిస్ నగరంలో పేరుపొందిన వంటకం. న్యూహాంప్‌షైర్‌లోని ఒక మద్యం తయారీ సంస్థ 2022లో ఈ పీతల రుచితో విస్కీ కూడా చేసింది. కాని ఒకసారి పీతకు ధర పలికితే, దానిని అదుపు చేయటం కంటే కాపాడుకోవటమే లాభమని తోచే ప్రమాదం ఉన్నది.

కొత్త జాతులు రాకుండా చూడటానికి ఓడల బల్లాస్ట్ నీటిపై 2004లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 2017 సెప్టెంబరు 8 నుండి అమలులోకి వచ్చింది. ఇప్పటికే స్థిరపడిన పీతల డింభకాలు సహజ ప్రవాహాలలో కొట్టుకుపోవటాన్ని అది ఆపలేదు.

స్థానిక జాతుల జీవనోపాధి

వాషింగ్టన్ రాష్ట్రపు పడిల్లా బేలో సుమారు 8,000 ఎకరాల ఈల్‌గ్రాస్ ఉన్నది. అమెరికా పసిఫిక్ తీరంలోని పెద్ద మైదానాలలో ఇది ఒకటి. 2016లో పచ్చ పీత అక్కడ కనిపించింది. దానికి ఉత్తరాన ఉన్న లమ్మి తెగకు గుల్లలు పెంచే ఒక పెద్ద సముద్రపు చెరువు ఉన్నది. 2021లో ఆ చెరువు నుండి 70,000కు పైగా పీతలను పట్టారు. ఆ సంవత్సరం నవంబరులో తెగ పాలక మండలి విపత్తు ప్రకటించింది. 2022 జనవరి 19న గవర్నరు జే ఇన్‌స్లీ రాష్ట్ర స్థాయిలో అత్యవసర ప్రకటన చేశాడు. 1855 నాటి పాయింట్ ఇలియట్ ఒప్పందంలో తమ భూములను అమెరికాకు వదలుకున్న తెగలు చేపలు పట్టే హక్కును మాత్రం నిలుపుకున్నాయి. గుల్లలు, సాల్మన్‌లు లేని నీటిలో ఆ హక్కు కాగితం మీది మాటగా మిగులుతుంది. అన్నెట్ దీవిలో అలాస్కాకు చెందిన తొలి పచ్చ పీతలను కనుగొన్నది కూడా అక్కడి మెట్లకట్ల తెగవారి సర్వేయే.

సీ ఆటర్ పాత్ర

కాలిఫోర్నియాలోని ఎల్క్‌హార్న్ స్లూ నదీముఖంలో పరిస్థితి కొంత భిన్నంగా పరిణమించింది. ఒకప్పుడు బొచ్చు కోసం జరిగిన వేటలో దాదాపు అంతరించిన సీ ఆటర్ అనే సముద్రపు నీటికుక్కలు అక్కడికి తిరిగి వచ్చాయి. అవి పీతలను తినటం వలన, ఆకులపై పట్టిన నాచును తినే చిన్న ప్రాణులు పెరిగి, ఎరువుల కాలుష్యం ఉన్నప్పటికీ ఈల్‌గ్రాస్ విస్తరించిందని 2013లో ఒక పరిశోధన తెలిపింది. అది ప్రధానంగా స్థానిక పీతల గురించినది. 2024లో వెలువడిన మరొక అధ్యయనం ఆ ఆటర్లు ఏడాదికి 50,000 నుండి 1,20,000 వరకు పచ్చ పీతలను తింటున్నట్లు అంచనా వేసింది. బోనులతో ఏళ్ళ తరబడి చేసినా అందని ఫలితం అక్కడ ఖర్చు లేకుండా లభించింది.

ఆగ్నేయ అలాస్కాలో 1960లలో సుమారు 400 ఆటర్లను తెచ్చి వదిలారు. వాటి సంతతి నేడు వేలకు పెరిగింది. కాని ఆటరు పచ్చ పీతను మాత్రమే ఎంచుకొని తినదు. డంజనెస్ పీతలు, గుల్లలు, సముద్రపు అర్చిన్‌లు కూడా దాని ఆహారమే. వాటిని పట్టి జీవించే జాలరులు, స్థానిక తెగలవారు చాలా కాలంగా ఆటర్లను తమకు పోటీగా చూస్తున్నారు. పచ్చ పీత రాకతో ఆ పాత వివాదంలోకి మూడవ పక్షం చేరింది.